నేల మింగే శక్తి, నేల చెప్పే సంగతి

భూమి ఏ క్షణంలోనూ పూర్తిగా నిశ్చలంగా ఉండదు. భూకంపం రాని రోజుల్లో కూడా నేల మైక్రోమీటరు స్థాయిలో, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు స్థాయిలో, అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. మనిషికి తెలియని ఈ కదలికను సీస్మోమీటర్లు రాత్రింబగళ్లు నమోదు చేస్తాయి. దీన్నే నేపథ్య ప్రకంపన అంటారు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు దీన్ని పనికిరాని రొదగా భావించి వడగట్టి పారేసేవారు. గత పాతికేళ్లలో ఆ రొదే భూగర్భాన్ని చదవడానికి ఆధారమైంది. అయితే ఈ ప్రకంపనలు పుట్టిన చోటు నుంచి పరికరాన్ని చేరేలోపు దారిలోని నేల వాటి శక్తిని కొంత మింగేస్తుంది. ఎంత మింగింది, ఎక్కడ మింగింది, వేగంగా ఊగే అలలనా, మెల్లగా ఊగే అలలనా అన్నది తెలియకపోతే ఆ నమోదుల నుంచి తీసే నిర్ధారణలు దారి తప్పుతాయి. ఖమ్మం జిల్లా నేలకొండపల్లి నుంచి భద్రాచలం దాకా పరచుకున్న నేల ఈ విషయాన్ని తెలుసుకోవడానికి తగిన ఉదాహరణ.

నేపథ్య ప్రకంపనల్లో రెండు ప్రధానమైన తెగలున్నాయి. మొదటిది సముద్రం నుంచి వచ్చేది. తీరానికి కొట్టే అలలు సముద్రపు అడుగు నేలను ఒత్తినప్పుడు 10 నుంచి 20 సెకన్లకు ఒకసారి ఊగే తరంగాలు పుడతాయి. ఎదురెదురుగా వచ్చే అలలు ఢీకొన్నచోట అందులో సగం ఆవర్తన కాలంతో, అంటే 5 నుంచి 10 సెకన్ల ఊపుతో, మరింత బలమైన తరంగాలు పుడతాయి. ఈ రెండో రకం ఎలా పుడుతుందో 1950లో బ్రిటిష్ గణిత శాస్త్రజ్ఞుడు మైకేల్ లాంగెట్ హిగ్గిన్స్ సిద్ధాంతపరంగా వివరించాడు. నేలకొండపల్లికి బంగాళాఖాతం తీరం సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. సముద్రం కనిపించని ఈ ఊళ్లోనూ సున్నితమైన పరికరం పెడితే సముద్రపు ఊపు నమోదవుతుంది.

రెండో తెగ మనిషి పనుల వల్ల, దగ్గరి ప్రకృతి వల్ల పుట్టేది. ఇది ఎక్కువగా సెకనుకు ఒక ఊపు కంటే వేగంగా, అంటే 1 హెర్ట్జ్ పైన ఉంటుంది. కాజీపేట, విజయవాడల మధ్య ఖమ్మం మీదుగా పోయే రైళ్లు, రహదారి మీది లారీలు, గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్లు, పొలాల్లోని మోటార్లు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లోని పేలుళ్లు, పాల్వంచ వైపు విద్యుత్ కేంద్రాల యంత్రాలు ఈ కోవలోకి వస్తాయి. వరద రోజుల్లో గోదావరి కూడా ఇందులో చేరుతుంది. నీటి సుడులు, అడుగున దొర్లే రాళ్లు సెకనుకు అనేక ఊపుల ప్రకంపనలను పుట్టిస్తాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. అంతటి ప్రవాహం ఒడ్డు నేలను ఊపకుండా ఉండదు. కానీ ఆ ఊపు ఎంత దూరం పోతుందన్నది నది బలం ఒక్కదాని మీదే ఆధారపడదు, నేల గుణం మీద కూడా ఆధారపడుతుంది.

తరంగం ప్రయాణిస్తున్న కొద్దీ బలహీనపడటానికి మూడు కారణాలున్నాయి. మూడింటినీ విడివిడిగా చూడాలి. మొదటిది విస్తరణ. నేల ఉపరితలం మీద ఒక చోట పుట్టిన తరంగం వలయంగా వ్యాపిస్తుంది. వలయం పెద్దదయ్యే కొద్దీ అదే శక్తి ఎక్కువ చుట్టుకొలతకు పంచుకుపోతుంది. అందువల్ల దూరం నాలుగు రెట్లయితే కంపన పరిమితి, అంటే ఊపు పరిమాణం, సగమవుతుంది. ఇక్కడ శక్తి నశించలేదు, పలచబడింది. రెండోది పరిక్షేపణం. రాతి పగుళ్లు, పొరల హద్దులు, కొండలు, లోయలు తరంగాన్ని పక్కలకు చెదరగొడతాయి. ఇక్కడా శక్తి నశించదు, దారి మారుతుంది, ఆలస్యంగా చేరుతుంది. మూడోది శోషణం. రాతి రేణువుల మధ్య రాపిడి వల్ల, సన్నని రంధ్రాల్లో నీరు ఇటూ అటూ కదలడం వల్ల తరంగ శక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. నిజమైన నష్టం ఇదే. పరికరం మాత్రం మూడింటి ఫలితాన్నీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. దాన్ని మూడు వాటాలుగా విడదీయడమే విశ్లేషణలోని కష్టం.

శోషణాన్ని కొలవడానికి భూకంప శాస్త్రంలో క్యూ అనే అంకెను వాడతారు. దీని పేరు నాణ్యతాంకం. క్యూ ఎక్కువైతే నష్టం తక్కువ, క్యూ తక్కువైతే నష్టం ఎక్కువ. కంచు గంటను కొడితే చాలాసేపు మోగుతుంది, మట్టికుండను తడితే వెంటనే మూగబోతుంది. గంట క్యూ ఎక్కువ, కుండ క్యూ తక్కువ. లెక్కలో చెప్పాలంటే, క్యూ 300 ఉన్న రాతిలో ఒక్కో ఊపుకు సుమారు 2 శాతం శక్తి పోతుంది. క్యూ 50 ఉన్న రాతిలో ఒక్కో ఊపుకు సుమారు 12 శాతం పోతుంది. నష్టం ఊపుకు ఇంత అని జరుగుతుంది కాబట్టి, ఒకే దూరంలో ఎక్కువసార్లు ఊగే తరంగం ఎక్కువ నష్టపోతుంది. వేగంగా ఊగే తరంగాలు దగ్గరలోనే అణగిపోయి, మెల్లగా ఊగేవి దూరాలకు చేరడానికి మూలం ఇదే.

ఇక నేల సంగతి. నేలకొండపల్లి అనగానే అక్కడి బౌద్ధ స్తూపం, కంచర్ల గోపన్న గుర్తుకొస్తారు. గోపన్న పుట్టిన నేలకొండపల్లి, ఆయన గుడి కట్టించిన భద్రాచలం పక్షి ఎగిరే దూరంలో సుమారు 110 కిలోమీటర్లు. భూగర్భ శాస్త్రం దృష్టిలో ఈ రెండు ఊళ్లు రెండు వేర్వేరు నేలల మీద ఉన్నాయి. నేలకొండపల్లి పరిసరాలు తూర్పు ధార్వాడ్ ప్రాంతానికి చెందిన, 250 కోట్ల ఏళ్లు దాటిన నైస్, గ్రానైట్ శిలల మీద ఉన్నాయి. భద్రాచలం గోదావరి లోయ భ్రంశ ప్రాంతంలో ఉంది. నేలకొండపల్లి నుంచి ఈశాన్యంగా గీత గీస్తే అది ఖమ్మం శిస్టు శిలల పట్టీని దాటి, కొత్తగూడెం దగ్గర గోండ్వానా పొరల్లోకి ప్రవేశిస్తుంది. ఇవి సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట మొదలై, కుంగిన లోయలో ఒకదాని మీద ఒకటి పేరుకున్న ఇసుకరాయి, షేల్, బొగ్గు పొరలు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు ఈ పొరల్లోనిదే. తెలంగాణలోని సింగరేణి గనులన్నీ ఈ లోయలోనే ఉన్నాయి.

గట్టి రాతి నుంచి అవక్షేప శిలల్లోకి మారగానే శక్తి లెక్క మారిపోతుంది. లెక్క కోసం గట్టి రాతి పైభాగంలో క్యూ 300, తరంగ వేగం సెకనుకు 3 కిలోమీటర్లు అనుకుందాం. గోండ్వానా పొరల్లో క్యూ 50, వేగం సెకనుకు 1.5 కిలోమీటర్లు అనుకుందాం. 1 హెర్ట్జ్ తరంగం 10 కిలోమీటర్లు పోతే గట్టి రాతిలో శోషణం వల్ల కంపన పరిమితి సుమారు 3 శాతం తగ్గుతుంది. గోండ్వానా పొరల్లో అదే దూరానికి 34 శాతం తగ్గుతుంది. 5 హెర్ట్జ్ తరంగమైతే గట్టి రాతిలో 16 శాతం, అవక్షేపాల్లో 88 శాతం తగ్గుతుంది. అంటే క్వారీ పేలుడు ఊపు గ్రానైట్ మీద మైళ్ల దూరం పోతుంది. అదే ఊపు బొగ్గు పొరల లోయలో కొద్ది దూరంలోనే ఆరిపోతుంది. మరోవైపు, 7 సెకన్లకు ఒకసారి ఊగే సముద్ర తరంగం తీరం నుంచి 150 కిలోమీటర్లు గట్టి రాతిలో వచ్చినా శోషణం వల్ల కోల్పోయేది 7, 8 శాతమే.

ఈ లెక్క నుంచి మొదటి ఫలితం తేలుతుంది. ఒక చోట నమోదయ్యే నేపథ్య ప్రకంపనల్లో మెల్లని ఊపు దూరపు సముద్రానిది, వేగమైన ఊపు దగ్గరి ఊరిది. 2020లో కరోనా లాక్‌డౌన్ సమయంలో ప్రపంచమంతటా వేగమైన ప్రకంపనలు కొన్నిచోట్ల సగం దాకా తగ్గాయని అంతర్జాతీయ పరిశోధక బృందం ఆ ఏడాదే ప్రకటించింది. ఆ తగ్గుదల 1 హెర్ట్జ్ పైన స్పష్టంగా కనిపించింది. సముద్రపు ఊపు మాత్రం ఎప్పటిలాగే ఉంది. దూరపు నగరాల వేగమైన ఊపు నేలలోనే అణగిపోతుంది కాబట్టి, ప్రతి కేంద్రమూ తన చుట్టుపక్కల మనుషుల నిశ్శబ్దాన్నే నమోదు చేయగలిగింది.

నేపథ్య ప్రకంపనల నుంచి భూగర్భాన్ని చదివే పద్ధతికి పునాది 1957లో జపాన్ శాస్త్రజ్ఞుడు కెయిటి అకి వేశాడు. దగ్గర దగ్గరగా పెట్టిన పరికరాల నమోదులు ఎంతవరకు ఒకదానితో ఒకటి పోలుతున్నాయో చూస్తే, ఆ నేలలో తరంగ వేగం తెలుస్తుందని ఆయన చూపించాడు. 1968లో జాన్ క్లేర్‌బౌట్ ఇలాంటి ఆలోచననే మరో కోణంలో ముందుకు తెచ్చాడు. 2001లో రిచర్డ్ వీవర్, ఒలెగ్ లోబ్కిస్ ప్రయోగశాలలో ధ్వని తరంగాలతో దీన్ని నిరూపించారు. 2005లో నికొలాయ్ షపీరో, మిషెల్ కాంపియో తదితరులు కాలిఫోర్నియా భూగర్భ చిత్రాన్ని సముద్రపు రొదతోనే గీశారు. పద్ధతి సూత్రం ఇది. రెండు చోట్ల నెలల తరబడి చేసిన నమోదులను ఒకదానిపై ఒకటి కొద్దికొద్దిగా జరుపుతూ పోల్చాలి. ఎంత కాలం జరిపితే రెండూ బాగా కలుస్తాయో, అదే ఒక చోటు నుంచి మరో చోటుకి తరంగం వెళ్లడానికి పట్టే కాలం. దీన్ని సహసంబంధం అంటారు. భూకంపం కోసం ఎదురుచూడకుండా, పేలుడు జరపకుండా రెండు ఊళ్ల మధ్య నేలను పరీక్షించే మార్గమిది.

నేలకొండపల్లిలో ఒకటి, భద్రాచలంలో ఒకటి సీస్మోమీటర్లు పెట్టారనుకుందాం. సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో తరంగం 110 కిలోమీటర్లు దాటడానికి సుమారు 37 సెకన్లు పడుతుంది. సహసంబంధంలో శిఖరం 37 సెకన్ల దగ్గర రావాలి. అన్ని దిక్కుల నుంచీ ప్రకంపనలు సమానంగా వస్తే అలాగే వస్తుంది. కానీ బంగాళాఖాతం ఒక పక్కనే ఉంది. మచిలీపట్నం తీరంలో పుట్టిన ఊపు నేలకొండపల్లికి సుమారు 155 కిలోమీటర్లు, భద్రాచలానికి సుమారు 170 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తేడా 15 కిలోమీటర్లే. రెండు చోట్లా ఆ ఊపు 5 సెకన్ల తేడాతో చేరుతుంది. ఆ ఒక్క మూలాన్నే నమ్మితే 37 సెకన్ల ప్రయాణం 5 సెకన్లుగా కనిపిస్తుంది, నేల వేగం ఏడు రెట్లు ఎక్కువగా తేలుతుంది. విశాఖపట్నం తీరం సంగతి వేరు. అక్కడి ఊపు భద్రాచలానికి సుమారు 245 కిలోమీటర్లు, నేలకొండపల్లికి సుమారు 340 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తేడా 95 కిలోమీటర్లు, అంటే 32 సెకన్లు. ఇది అసలు విలువకు దగ్గరగా ఉంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ లాంటి తుపాను ఈ జంట పరికరాలకు అనుకూలమైన దిక్కులో ఉంటుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటిది అనుకూలం కాని దిక్కులో ఉంటుంది.

దిక్కు తప్పితే వేగంలో వచ్చే పొరపాటును దీర్ఘకాలం నమోదు చేసి, వేర్వేరు ఋతువుల రొదను కలిపి చాలావరకు సరిదిద్దవచ్చు. శక్తి నష్టాన్ని కొలిచేటప్పుడు చిక్కు ఇంకా పెద్దది. మచిలీపట్నం నుంచి వచ్చిన తరంగాలు రెండు ఊళ్లకూ దాదాపు సమాన దూరం, విడివిడి దారుల్లో వచ్చాయి. అవి నేలకొండపల్లి, భద్రాచలం మధ్య నేలను దాటనేలేదు. కాబట్టి రెండు నమోదుల బలంలో తేడా ఆ మధ్య నేల మింగిన శక్తిని చెప్పదు. తీరం నుంచి వచ్చిన రెండు దారుల తేడాను, రెండు ఊళ్ల అడుగు నేల తేడాను చెబుతుంది.

విశాఖ దిక్కు నుంచి వచ్చిన తరంగాలు ఆ మధ్య నేలను దాటుతాయి. వాటి లెక్క చూస్తే నష్టం ఎంత సన్నని విషయమో తెలుస్తుంది. 245 నుంచి 340 కిలోమీటర్లకు చేరేలోపు విస్తరణ వల్లనే కంపన పరిమితి సుమారు 15 శాతం తగ్గుతుంది. 7 సెకన్ల ఊపుకు ఆ 95 కిలోమీటర్లలో శోషణం వల్ల తగ్గేది, క్యూ 300 అనుకుంటే, 5 శాతమే. అంటే వెతుకుతున్న అంకె, పక్కనున్న విస్తరణ అంకెలో మూడోవంతు. పరికరం సున్నితత్వాన్ని సరిపోల్చడంలో 5 శాతం పొరపాటు జరిగినా, విస్తరణ లెక్క కొంచెం తప్పినా క్యూ విలువ తారుమారవుతుంది. నష్టం కాస్తా లాభంగా కనిపించే ప్రమాదం కూడా ఉంది.

అడుగు నేల మరో చిక్కు తెస్తుంది. గట్టి రాతి నుంచి మెత్తని నేలలోకి ప్రవేశించిన తరంగం నెమ్మదిస్తుంది. నెమ్మదించినప్పుడు శక్తి ఒకచోట కుదించుకుని కంపన పరిమితి పెరుగుతుంది. గోదావరి ఒడ్డు ఒండ్రు మీద పెట్టిన పరికరం గ్రానైట్ మీది పరికరం కంటే పెద్ద ఊపును చూపించవచ్చు. మెత్తని నేల ఒక పక్క శక్తిని ఎక్కువగా మింగుతుంది, మరో పక్క ఊపును పెంచుతుంది. రెండింటినీ విడదీయకుండా రెండు చోట్ల ఊపుల నిష్పత్తిని మాత్రమే చూసి నష్టాన్ని తేల్చడం కుదరదు. ఊపు పెరుగుదలకు ఒక హద్దు గీసేది కూడా శోషణమే. ఒండ్రు పొర తన సహజ పౌనఃపున్యంలో ఊగినప్పుడు క్యూ తక్కువైన కొద్దీ ఆ ఊపు శిఖరం మొద్దుబారుతుంది. 1989లో జపాన్ ఇంజనీరు యుటాకా నకమురా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో నేల అడ్డ ఊపును నిలువు ఊపుతో భాగించి ఈ శిఖరాన్ని వెతుకుతారు. శిఖరం ఎక్కడుందో ఈ పద్ధతి నమ్మకంగా చెబుతుంది. శిఖరం ఎత్తు మాత్రం నేల శోషణంతో కలగలిసి ఉంటుంది కాబట్టి దాన్ని అంత సూటిగా తీసుకోలేరు.

సిద్ధాంతంలోనూ ఇదే వివాదం నడిచింది. సహసంబంధం రెండు ఊళ్ల మధ్య నిజమైన తరంగాన్ని అచ్చంగా ఇవ్వాలంటే, నష్టం లేని నేలలో చుట్టూ ఉన్న మూలాలు చాలు. నష్టమున్న నేలలో అవి చాలవు. శక్తి పోతున్న ప్రతిచోటా దానికి తగినంత ప్రకంపన పుడుతూ ఉండాలని 2007లో రోయెల్ స్నీడర్ చూపించాడు. నిజమైన భూమి మీద ఆ షరతు నెరవేరదు. సముద్రపు ఊపు తీరంలో పుడుతుంది, ఖమ్మం అడవుల కింద కాదు. 2009లో హెర్మన్ ప్రియెటో, జెస్సీ లారెన్స్, గ్రెగరీ బెరోజా నేపథ్య ప్రకంపనల పోలిక దూరంతో ఎలా తగ్గుతుందో చూసి కాలిఫోర్నియాలో శక్తి నష్టాన్ని అంచనా వేశారు. 2011లో విక్టర్ సై ఆ అంచనాలు మూలాల పంపిణీపై ఎంతగా ఆధారపడతాయో గణితంగా చూపించాడు. మూలాలు ఒక రకంగా ఉంటే ఒక క్యూ, మరో రకంగా ఉంటే మరో క్యూ వస్తాయి, నేల మాత్రం మారదు. ప్రయాణ కాలం కంటే కంపన పరిమితి ఎందుకు పెళుసైన కొలతో ఈ చర్చ స్పష్టం చేసింది.

నమోదులను శుద్ధి చేసే పద్ధతులు ఈ పెళుసుతనాన్ని పెంచుతాయి. భూకంపాలు, పేలుళ్లు, రైళ్లు లెక్కను చెడగొట్టకుండా చాలామంది విశ్లేషకులు ఊపు ఎంత పెద్దదన్నది వదిలేసి పైకా, కిందికా అన్నది మాత్రమే ఉంచుతారు. అన్ని పౌనఃపున్యాల బలాన్నీ ఒకే మట్టానికి తెస్తారు. వేగం కనుక్కోవడానికి ఇవి మేలు చేస్తాయి. నష్టం కనుక్కోవడానికి కావలసిన సమాచారాన్ని ఇవే చెరిపేస్తాయి, లేదా కొత్త తేడాలు కలుపుతాయి. అందువల్ల వేగం కోసం శుద్ధి చేసిన నమోదులతోనే నష్టాన్నీ లెక్కించకూడదు. నష్టం కోసం రెండు పరికరాలకూ ఒకే కొలతతో మార్పులు చేసి, భూకంపాలు పడిన గంటలను మొత్తంగా తీసేసి, మిగిలిన వాటిని తాకకుండా ఉంచాలి.

పరికరాల మధ్య దూరాన్ని కూడా శక్తి నష్టమే నిర్ణయిస్తుంది. సహసంబంధం స్పష్టంగా రావడానికి రెండు పరికరాల మధ్య కనీసం రెండు మూడు తరంగదైర్ఘ్యాల దూరం ఉండాలి. అది కింది హద్దు. పై హద్దును శోషణం గీస్తుంది. పైన అనుకున్న విలువలతో గోండ్వానా పొరల్లో 1 హెర్ట్జ్ తరంగం 24 కిలోమీటర్లలో దాదాపు మూడోవంతుకు తగ్గుతుంది. 5 హెర్ట్జ్ తరంగం 5 కిలోమీటర్లు దాటకుండానే ఆ స్థితికి వస్తుంది. గట్టి రాతిలో ఇవే దూరాలు 286, 57 కిలోమీటర్లు. సంకేతం మూడోవంతుకు తగ్గితే, దాన్ని రొదలోంచి అదే స్పష్టతతో పైకి తీయడానికి తొమ్మిది రెట్ల కాలం నమోదు చేయాలి. నేలకొండపల్లి వైపు పరికరాలను దూరదూరంగా పెట్టినా సరిపోతుంది. కొత్తగూడెం లోయలో పై పొరలను చదవాలంటే వాటిని కొద్ది కిలోమీటర్లకు ఒకటిగా దగ్గరగా పెట్టాలి.

దీనికి లోతు కూడా ముడిపడి ఉంది. ఉపరితల తరంగం తన తరంగదైర్ఘ్యంలో మూడోవంతు నుంచి సగం లోతు దాకా ఉన్న నేల గుణాన్ని బాగా చెబుతుంది. 7 సెకన్ల సముద్ర తరంగం పొడవు 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అది పలు కిలోమీటర్ల లోతును చూస్తుంది. లోయ పొరల్లో 1 హెర్ట్జ్ తరంగం పొడవు 1.5 కిలోమీటర్లు, అది కొన్ని వందల మీటర్లను చూస్తుంది. వేగమైన తరంగాలను నేల మింగేస్తే, దూరంగా పెట్టిన పరికరాల జంటకు పై పొరలు కనిపించవు, లోతు మాత్రమే కనిపిస్తుంది. భవనాలకు, వంతెనలకు కావలసినది పై పొరల సమాచారం. సముద్రపు రొద ఒక్కటే ఆ పని చేయలేదు.

నష్టం వేగాన్ని కూడా కొద్దిగా మారుస్తుంది. శక్తిని మింగే నేలలో వేగంగా ఊగే తరంగం మెల్లగా ఊగేదాని కంటే కొంచెం త్వరగా పోతుంది. క్యూ 50 అయితే పౌనఃపున్యం పది రెట్లు పెరిగినప్పుడు వేగం దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. క్యూ 300 అయితే పెరుగుదల నాలుగోవంతు శాతం. గట్టి రాతిలో దీన్ని వదిలేయవచ్చు. లోయ పొరల్లో వదిలేస్తే, నష్టం వల్ల వచ్చిన తేడాను పొరల తేడాగా పొరబడే అవకాశం ఉంది.

ఋతువులతో నేల మారడం మరో అంశం. వానాకాలంలో భూగర్భ జలం పెరిగితే పై పొరల్లో తరంగ వేగం తగ్గుతుంది. రంధ్రాల్లో నీరు, గాలి కలిసి ఉన్న నేలలో శోషణం ఎక్కువవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీది పాలేరు జలాశయం నేలకొండపల్లికి పొరుగునే ఉంది. కాలువ కింద వరి పొలాలు నెలల తరబడి నీటితో నిండి ఉంటాయి. మరోవైపు, వానాకాలపు అల్పపీడనాల సముద్రం, కార్తీకపు తుపానుల సముద్రం ఒకే దిక్కులో, ఒకే బలంతో ఉండవు. కాబట్టి జులై నమోదుకీ డిసెంబర్ నమోదుకీ తేడా కనిపిస్తే అది నేల మారడం వల్లా, రొద మూలం మారడం వల్లా అన్నది తేల్చుకోవాలి. ఇందుకు విశ్లేషకులు సహసంబంధంలో మొదటి శిఖరాన్ని వదిలి, వెనకగా వచ్చే పరిక్షేపిత తరంగాలను వాడతారు. అవి ఎన్నో దారుల్లో తిరిగి వచ్చినవి కాబట్టి మూలం దిక్కు మారినా అంతగా చలించవు. అయితే అవి ఎంతసేపు నిలుస్తాయో నిర్ణయించేది కూడా శోషణమే. క్యూ తక్కువైన లోయలో ఈ తోక పొట్టిగా ఉంటుంది.

ఈ కొలతల అవసరం ఈ ప్రాంతానికి ఎందుకుందో చరిత్ర చెబుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో మరొకటి వచ్చింది. ఆ ఊపు హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ దాకా తెలిసింది. అంత దూరం తెలియడానికి ఒక కారణం ద్వీపకల్పపు గట్టి రాతి శక్తిని తక్కువగా మింగడమే. రెండు భూకంపాలూ గోదావరి లోయ వ్యవస్థకు చెందినవే. ఇలాంటి భూకంపం మళ్లీ వస్తే ఏ ఊరు ఎంత ఊగుతుందో ముందే అంచనా వేయాలంటే దారిలోని నేల ఎంత శక్తిని మింగుతుందో తెలియాలి. ఇక్కడ పెద్ద భూకంపాలు దశాబ్దాలకు ఒకసారి వస్తాయి కాబట్టి, భూకంపాల నమోదులతోనే ఆ విలువలు కట్టాలంటే తరాలు పడుతుంది. నేపథ్య ప్రకంపనలు రోజూ దొరుకుతాయి. 1961లో హైదరాబాద్‌లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ లాంటి సంస్థల నిరంతర నమోదులు ఇందుకు ముడిసరుకు.

మొత్తం మీద తేలేదిది. నేల శక్తిని మింగడం వల్ల నేపథ్య ప్రకంపనల విశ్లేషణ నిష్ఫలం కాదు, కానీ దాని కొలతలన్నీ ఒకే స్థాయి నమ్మకానికి తగవు. ప్రయాణ కాలం, దాని నుంచి వచ్చే వేగం తగినంత కాలం, తగినన్ని దిక్కుల రొద ఉంటే గట్టిగా నిలుస్తాయి. ఊపు బలం, దాని నుంచి వచ్చే క్యూ విలువ మాత్రం మూలాల దిక్కు, విస్తరణ, అడుగు నేల, శుద్ధి పద్ధతి అనే నాలుగింటినీ విడదీసిన తర్వాతే నిలుస్తుంది. నేలకొండపల్లి గ్రానైట్ మీద కుదిరిన క్యూను కొత్తగూడెం బొగ్గు పొరలకు, భద్రాచలం ఒండ్రుకు అరువు ఇవ్వకూడదు. ఏ నేల నష్టాన్ని ఆ నేల మీదే కొలవాలి.